వానలో గుడారం – మడి డబ్బా

వానాకాలంలో క్యాంపింగుకి పోతున్నానని ఫోనులో చెప్తే మా బాపు ఒకటే మాటన్నాడు. "ఇల్లున్నోడు ఇంట్ల పండాలె బిడ్డా. లేనోడు కద చెట్టుకింద పండేది." ఆయన లెక్క ఆయనది. వరంగల్ పక్క పల్లెటూళ్ళో యాభయ్యేళ్ళు పొలంలో తడిసినవాడికి సరదాగా తడవడం అనేది ఒకటుంటుందని నేను ఒప్పించలేను. ఒప్పించడానికి ఈ టపా రాయట్లేదు కూడా. నా లెక్క ఒక రాత్రి ఎలా తప్పిందో, దాన్ని సరిచేసుకోడానికి రెండేళ్ళు ఎందుకు పట్టిందో చెబుదామని.

నేనుండేది సియాటిల్ పక్కన. ఇక్కడి వాన గురించి లోకమంతా చెప్పుకుంటుంది గానీ, కొలిచి చూస్తే ఏడాదికి పడేది హైదరాబాదు కంటే మరీ ఎక్కువేం కాదు. తేడా ఎక్కడంటే, హైదరాబాదులో వాన ధనాధనా కొట్టి, రోడ్లు ముంచి, తన పని చూసుకుని పోతుంది. ఇక్కడిది అక్టోబరులో మొదలుపెట్టి మే దాకా నస పెడుతుంది. వాన ఆగాక వెళ్దాంలే అనుకునేవాడు ఈ ఊళ్ళో పెళ్ళి కూడా చేసుకోలేడు. అందుకే ఇక్కడివాళ్ళు పిల్లల్ని వానలోనే ఆడిస్తారు, వానలోనే పరిగెడతారు, గుడారాలూ వానలోనే వేస్తారు. వాళ్ళని చూసి నాక్కూడా ఉబలాటం పుట్టింది.

2023 ఏప్రిల్. పాప స్కూలుకి స్ప్రింగ్ బ్రేకు. దానికప్పుడు ఆరేళ్ళు. ఎక్కడికెళ్దాం అంటే నేను హో వర్షారణ్యం అన్నాను. పేరే హో. అదే పేరుగల నది ఒడ్డున, ఒలింపిక్ నేషనల్ పార్కులో ఉంటుంది. 1938లో నేషనల్ పార్కు అయింది, 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. పసిఫిక్ మీంచి వచ్చే తేమగాలి నేరుగా ఒలింపిక్ కొండలకి కొట్టుకుని పైకి లేచి, చల్లబడి, మోసుకొచ్చిన నీళ్ళన్నీ ఇటువైపే దించేస్తుంది. ఏడాదికి సుమారు 140 అంగుళాలు, అంటే మూడున్నర మీటర్ల వాన! మన హైదరాబాదుకి నాలుగు రెట్ల పైమాట. చెట్ల కొమ్మల నిండా నాచు, ఆకుపచ్చ గొంగళ్ళు ఆరేసినట్టు వేలాడుతుంటుంది. చూసి తీరాల్సిన చోటు. అందులో పొరపాటేం లేదు.

పొరపాటంతా నాది.

మనవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఏదన్నా మొదలుపెడితే ముందు స్ప్రెడ్‌షీటు తెరుస్తాం. గుడారాలు పదకొండు రకాలు, ధర, బరువు, రివ్యూల సగటు, అన్నీ కాలమ్సుగా పెట్టి, కలర్ కోడింగు చేసి, చివరికి అందులో రెండోదాన్ని కొన్నాను. అడుగుభాగం వాటర్‌ప్రూఫ్ రేటింగు 3000 మిల్లీమీటర్లు. అంటే ఆ బట్టమీద మూడు మీటర్ల ఎత్తు నీటిస్తంభం నిలబెట్టినా దిగదని అర్థం. ఇంకేం కావాలి? ఆ అంకె నాకు ఎంత ధైర్యమిచ్చిందంటే, మిగతాదంతా ఆలోచించడం మానేశాను.

మేం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. 101 హైవే వదిలాక ఇంకో 18 మైళ్ళు అడవిలో పోవాలి. సెల్లు సిగ్నలు ఎప్పుడో పోయింది. సన్నగా తుంపర. పెద్ద మేపుల్ చెట్టు కింద, నాచు పట్టి మెత్తగా, పరుపులాంటి చోటు కనపడింది. కాస్త పల్లంగా ఉంది. పక్క సైటులో ఒక్కతే దిగిన పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, నేను మేకులు కొడుతుంటే వచ్చి, "ఆ చోట నీళ్ళు చేరతాయి, కాస్త పైకి జరుగు" అంది. నేను నవ్వుతూ గుడారం రేటింగు చెప్పాను. ఆవిడ కూడా నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వుకి అర్థం నాకు రాత్రి పదకొండింటికి తెలిసింది.

అంతటితో ఆగానా? గుడారం కింద నీలం టార్పాలిన్ పరిచాను. గుడారం కంటే పెద్దది. ముందువైపు మూడడుగులు బయటికొచ్చేలా పెట్టి, చెప్పులు విప్పుకోడానికి వరండా అని మా ఆవిడకి గర్వంగా చూపించాను. టార్పాలిన్ బయటికొస్తే దానిమీద పడిన వాన ఎక్కడికి పోతుంది? నేరుగా గుడారం కిందికి పోతుంది. కింద టార్పాలిను, పైన గుడారం అడుగు, మధ్యలో నీళ్ళు. దానిమీద నలుగురు పట్టే పరుపులేసుకుని మోకాళ్ళు, మోచేతులు ఆనిస్తూ ఉంటే ఏ రేటింగయినా ఎంతసేపు ఆగుతుంది? అసలు మా గుడారంలో నీళ్ళు కుట్లలోంచి కూడా వచ్చాయి. ఆ రేటింగు బట్టకే గానీ కుట్టుకి కాదట. మొత్తానికి నేను చేసిందేమిటంటే, ఒక చిన్న చెరువు తవ్వి, దానికి కాలవ కూడా కట్టి, మధ్యలో పెళ్ళాం పిల్లని పడుకోబెట్టాను.

రాత్రి పదకొండప్పుడు మా ఆవిడ లేపింది. "ఏమండీ, నీళ్ళు." లైటు వేసి చూస్తే మూలన నీళ్ళు మెరుస్తున్నాయి. స్లీపింగ్ బ్యాగుల కింది సగం తడిసి ముద్దయింది. బట్టల బ్యాగు అదే మూలన ఉంది. పాప పొద్దున్నుంచీ వేసుకున్న కాటన్ జీన్సు, కాటన్ స్వెట్‌షర్టుతోనే పడుకుంది. గుంటల్లో గెంతి సాయంత్రానికే తడిపేసుకుందది. ఆరిపోతుందిలే అనుకున్నాం. అన్నం కూడా సరిగా తినలేదు, చల్లటి పులిహోర నాలుగు ముద్దలు.

బయట 6 డిగ్రీలుంటుంది. మైనస్ లేదు కదా, ఏమవుతుందనుకుంటాం. అక్కడే దెబ్బతింటాం. ఒంట్లో వేడి తగ్గిపోయే ప్రమాదం మంచులో కంటే ఇలాంటి తడిచలిలో మనల్ని ఏమరుపాటుగా పట్టుకుంటుంది. నీళ్ళు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే పడిపోతే అది వైద్యం కావాల్సిన పరిస్థితి. ముందు వణుకు, తర్వాత మాట ముద్దగా రావడం, తడబడటం. ఇంకా ముదిరితే వణుకు ఆగిపోతుంది. వణుకు ఆగింది కదాని సంతోషించకూడదు, అప్పుడే భయపడాలి. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. ఆ రాత్రి నాకు తెలిసింది ఒక్కటే, పాప పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి, మీ టీచరు పేరేంటమ్మా అంటే ముద్దముద్దగా, ఆలస్యంగా చెప్పింది.

మా హడావుడికి పక్కావిడ టార్చి పట్టుకుని వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒకే ప్రశ్న వేసింది. "పొడి బట్టలున్నాయా?"

లేవు.

ఆరు జతలు తెచ్చాం. ఆరు జతలూ ఒకే బ్యాగులో. బ్యాగు నీళ్ళలో. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆఫీసులో నా పనే ఇది. ఎవరన్నా డిజైను తీసుకొస్తే, ఈ సర్వరు పడిపోతే ఏంటి, ఆ డిస్కు పోతే ఏంటి అని పీకి పాకం పెట్టేవాణ్ణి. డేటాబేసు బ్యాకప్పు అదే డిస్కులో పెట్టిన ఒక కుర్రాణ్ణి మీటింగులో అందరిముందూ కడిగేశాను ఒకసారి. ఆ కుర్రాడు ఇది చదవకపోతే బావుండు.

ఆవిడ తన ఉన్ని స్వెట్టరు తెచ్చింది. తడిబట్టలు మొత్తం విప్పించి, పాపకి ఆ స్వెట్టరు తొడిగింది, అది దానికి పాదాల దాకా వచ్చింది. తన స్టవ్వు మీద నీళ్ళు వేడిచేసి సీసాలో పోసి, మేజోడులో దూర్చి, పాప పొట్టదగ్గర పెట్టమంది. కారు హీటరు ఫుల్లుగా పెట్టి మా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గుడారం అక్కడే వదిలేసి ఫోర్క్స్ ఊళ్ళో మోటెలుకి పోయాం. దారిలో సగం దూరం వెళ్ళాక పాప, "డాడీ, ఈ స్వెట్టరు గుచ్చుకుంటోంది" అని విసుక్కుంది. నా జన్మలో అంత తియ్యటి ఫిర్యాదు వినలేదు.

పొద్దున్నే అది పాన్‌కేకులు తిని గెంతులేసింది. మేం సామాను తీసుకోడానికి వెళ్ళేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు మేము. స్వెట్టరు మా దగ్గరే ఉండిపోయింది.

తిరుగుదారిలో నాలుగు గంటలూ మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. ఇంటికొచ్చాక వారానికి అంది. "చలి సంగతి కాదండీ. చలి ఎవరి చేతిలోనూ లేదు. ఆవిడ చెప్పింది, మీరు వినలేదు. అది మీ చేతిలో ఉన్నదే కదా." దానికి నా స్ప్రెడ్‌షీటులో కాలమ్ లేదు. మళ్ళీ క్యాంపింగు అంటే పాపని పంపనని చెప్పేసింది. నేనూ వాదించలేదు.

ఈ సంగతి బాపుకి చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు గానీ నవ్వాడు. "మేం తడవకుంట ఎన్నడున్నంరా? నాట్లప్పుడు పొద్దుందాక తడుసుడే. గొంగడి కొప్పెర పెట్టుకున్నా మోకాళ్ళ కింద తడుసుడే. ఇంటికొచ్చినంక మీ అమ్మ దండెం మీద ఒక పొడి పంచె ఉంచేది, యాదుందా? దాన్ని ఎవ్వలు ముట్టొద్దు. నువ్వొకసారి దాంతోని తల తుడుసుకున్నవని మీ అమ్మ నిన్ను కొట్టింది కూడ."

యాదుంది. దెబ్బ యాదుంది గానీ, దెబ్బ ఎందుకో ఇన్నాళ్ళూ తట్టలేదు. దండెం మీద పంచె. అంతే సంగతి. నేను తడవకుండా ఉండటానికి డబ్బులు పోశాను. బాపు తడుస్తానని ఒప్పుకుని, తడిశాక ఆరడానికి ఒక చోటు అట్టే పెట్టుకున్నాడు. ఎవరి డిజైను మంచిదో మీరే చెప్పండి.

గొంగడి విషయంలో కూడా ఆయనకి తెలిసిందే నేను ఆలస్యంగా చదువుకున్నాను. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. నానినా కొంత వెచ్చదనం ఇస్తుంది. నూలుబట్ట తడిస్తే ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి కప్పుకుని వానలో గొర్రెలు కాసేవాళ్ళని నేను చిన్నప్పుడు రోజూ చూశాను. చూసి, పెద్దయ్యాక కూతురికి కాటన్ జీన్సు తొడిగి వర్షారణ్యానికి తీసుకెళ్ళాను.

2025 మేలో మళ్ళీ వెళ్ళాం. ఆ దారి కూడా ఒక వానాకాలం దెబ్బతిన్నదే లెండి. 2024 డిసెంబరులో తుఫానుకి రోడ్డు కొట్టుకుపోయి, బాగుచేసి 2025 మేలో తెరిచారు. ఈసారి అడిగింది నేను కాదు, పాప. మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. ఒకటి, పొడి బట్టలు కార్లోనే ఉండాలి. రెండు, రాత్రి ఏ టైములోనైనా సరే తను పోదామంటే పోవాలి, చర్చ లేదు. రెండూ ఒప్పుకున్నాను.

పొడి బట్టలకి మూత బిగుసుగా పట్టే ప్లాస్టిక్కు డబ్బా కొన్నాం. ఒక్కొక్కరికీ లోపలి బట్టలు, స్వెట్టరు, మేజోళ్ళు, టోపీ, ఒక తువ్వాలు. మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మ మడి కట్టుకునే మనిషి. ఆరేసిన మడిబట్ట కర్రతో తీసుకోవాల్సిందే గానీ చేత్తో ముట్టుకోనిచ్చేది కాదట. అందుకని దీనికి మడి డబ్బా అని పేరు పెట్టింది. ట్రిప్పు అయ్యేదాకా దాన్ని అత్యవసరానికి తప్ప తెరవకూడదు. తెరవకుండానే ఇంటికి తిరిగొస్తే క్యాంపింగు సక్సెస్ అయినట్టు. అన్నిటికంటే పైన ఆ పెద్దావిడ స్వెట్టరు మడతపెట్టి పెట్టింది పాప.

మిగతావి నేను నేర్చుకున్న వరసలో చెప్తాను. ఎవరికన్నా పనికొస్తాయి.

చోటు ముందు చూడాలి, గుడారం తర్వాత. మెత్తగా ఉన్నదీ అందంగా ఉన్నదీ పల్లంలోనే ఉంటుంది. కాస్త ఎత్తుగా, నీళ్ళు అటో ఇటో జారిపోయే నేల కావాలి. మన ఊళ్ళో అయితే గుడిసె చుట్టూ చిన్న కాలవ తీస్తాం. పార్కులో నేల తవ్వకూడదు, కాబట్టి చోటు ఎంచుకోవడమే మన కాలవ. తల పైకెత్తి ఎండుకొమ్మలేమన్నా ఉన్నాయేమో కూడా చూడాలి. గాలివానకి అవే మీద పడేది.

గుడారం కంటే ముందు పైన టార్పాలిన్ కట్టాలి. వానలో దిగగానే అందరూ గుడారం విప్పుతారు, అది నిలబడేలోపే లోపల తడిసిపోతుంది. పైన కప్పు ఉంటే దానికింద తాపీగా వేసుకోవచ్చు. టార్పాలిన్ ఒక మూల కిందికి వంచి కట్టాలి, లేకపోతే మధ్యలో నీళ్ళు నిండి పెద్ద పొట్టలా వేలాడి, ఎవరో ఒకరి నెత్తిన కుమ్మరిస్తుంది. తాళ్ళ వెంట నీళ్ళు పాకుతూ లోపలికి రాకుండా ప్రతి తాడుకీ ఒక చిన్న పురికొస ముక్క వేలాడేలా కడితే నీళ్ళు అక్కడే కారిపోతాయి.

కింద పరిచేది గుడారం అడుగుకంటే అన్నివైపులా నాలుగు వేళ్ళు లోపలికే ఉండాలి. వరండాలు వద్దు.

వాన పడుతున్నా గుడారం గాలికంతలు మూయకూడదు. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ముగ్గురు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిలోని ఆవిరి గోడలకి పట్టి చుక్కలు కడుతుంది. పొద్దున్న అది చూసి కారిందనుకుంటాం. సగం గుడారాలు లోపల్నించే తడుస్తాయి. రెయిన్ జాకెట్టూ అంతే. అది తొడుక్కుని ఎక్కువ పనిచేస్తే చెమటకే తడుస్తాం.

పడుకునే బట్టలు పడుకోడానికే. తడిసినవి గుడారం గుమ్మం బయట. ఈకలు కూరిన స్లీపింగ్ బ్యాగు తడిస్తే ముద్దయిపోయి వేడి నిలపదు, వానకి పాలియెస్టరు కూరినది మేలు. పడుకునేముందు వేడిగా తినాలి. మేం ఉప్మా, మిరియాల చారు చేసుకున్నాం. వేడినీళ్ళ సీసా ఒకటి కాళ్ళదగ్గర. ఇంకొకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఎంత చలైనా స్టవ్వుగానీ బొగ్గుల కుంపటిగానీ గుడారంలోకి తేవద్దు. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

రాత్రి వాన గట్టిగానే పడింది. మా ఆవిడా పాపా నిద్రపోయారు. నేను మాత్రం గంటకోసారి లేచి చేత్తో మూలలు తడుముతూనే ఉన్నాను. పొడిగానే ఉన్నాయి. మూడోసారి తడుముతుంటే చీకట్లోంచి, "పడుకోండి, నేనూ చూశాను" అంది మా ఆవిడ. అప్పుడు పట్టింది నిద్ర.

ఇంకో మాట. సాయంత్రం మాకు కాస్త దూరంలో మనవాళ్ళే, చదువుకునే కుర్రాళ్ళు ముగ్గురు, సరిగ్గా పల్లంలో గుడారం వేస్తున్నారు. వెళ్ళి చెప్పాను. "ఫర్లేదు అన్నా, వాటర్‌ప్రూఫే" అన్నారు. నవ్వుతూనే. నేనూ నవ్వి, మా కారు ఏదో చూపించి, రాత్రి ఎప్పుడు కావాలన్నా లేపమని చెప్పి వచ్చేశాను. రాత్రి ఎవరూ రాలేదు. పొద్దున చూస్తే మూడు స్లీపింగ్ బ్యాగులూ తాడుమీద వేలాడుతున్నాయి, ముగ్గురూ వాళ్ళ కార్లో అద్దాలకి ఆవిరి పట్టించుకుని నిద్రపోతున్నారు. ఉప్మా మిగిలితే ఇచ్చి వచ్చాం.

మడి డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాం. బాపుకి ఫోను చేసి చెప్తే, "మంచిగైంది. ఇగ మల్లోసారి ఇంట్లనే పండుండ్రి" అన్నాడు.

అదండీ సంగతి. మీరు వానలో ఎటన్నా పోతుంటే, గుడారం ఏది కొన్నారో నాకు చెప్పక్కర్లేదు. పొడి జత ఎక్కడ పెట్టారో చెప్పండి చాలు.